గోడ అవతలి గోల

అమెరికాలో నేను విన్న మొదటి సాకర్, అంటే మన ఫుట్‌బాల్, కామెంటరీ టీవీలోంచి రాలేదు, గోడలోంచి వచ్చింది.

1999. వైటూకే పుణ్యమా అని, అంటే 2000 సంవత్సరం తేదీలకు కంప్యూటర్లు తికమకపడతాయన్న భయం పుణ్యమా అని, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో దిగాను. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో అయిదుగురం. ఒక రైస్ కుక్కర్, నేలమీద పరుపులు, ఎవరో వదిలేసి పోయిన పాత టీవీ. అక్కడి గోడలు అట్టముక్కలకు సున్నం కొట్టినట్టుండేవి. పక్క వాటాలో తుమ్మితే మేం చిరంజీవ అనేంత పల్చన. ఓ ఆదివారం మధ్యాహ్నం పప్పుకు తాలింపు పెడుతుంటే గోడ అవతల ఒక మగ గొంతు "గో" అని ఎత్తుకుంది. ఎత్తుకున్నది దించలేదు. ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి మాడి, నేను పొయ్యి కట్టేసేదాకా ఆ ఒక్క అక్షరమే సాగింది.

"ఏంట్రా ఆ గోల?" అని హాల్లోంచి గుంటూరు రూమ్మేటు అరిచాడు.

"గోల కాదురా, గోల్" అన్నాను.

వాడికి ఆసక్తి లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో మతం క్రికెట్. ఇంగ్లండ్‌లో ప్రపంచకప్ జరుగుతుంటే ఆఫీసులో క్రిక్‌ఇన్ఫో పేజీని నిమిషానికోసారి రిఫ్రెష్ కొట్టి, అంకెలు చూసి చప్పట్లు కొట్టిన జనం వీళ్లు. ఫుట్‌బాల్ పిచ్చి నాకొక్కడికే. అదీ నాది కాదు, మా నాన్నది. ముషీరాబాద్‌లో పెరిగిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన కాలంలో ఆయన నిక్కర్ల పిల్లవాడు. ఫతే మైదాన్‌లో ఆట ఉందంటే బడి ఎగ్గొట్టేవాడట. రహీం సాబ్ పేరెత్తితే ఇప్పటి కోచ్‌లందరినీ తీసి పక్కన పెట్టేసేవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనకు నాలుగో స్థానం తెచ్చిన శిక్షకుడాయన. "మా హైదరాబాద్ మనిషిరా" అనేవాడు నాన్న.

1986లో అదే నాన్న నన్ను లేపి, రాత్రి పదకొండున్నరకు పక్కింటి సాలిడెయిర్ టీవీ ముందు కూచోబెట్టాడు. దూరదర్శన్‌లో అర్జెంటీనా, ఇంగ్లండ్. మారడోనా మైదానం సగం నుంచి బంతి తీసుకుని అందరినీ దాటుకుంటూ పోతుంటే గదిలో ఇరవై మంది ఊపిరి బిగబట్టారు. కామెంటరీలో ఏమన్నారో ఒక్క ముక్క గుర్తులేదు. అందరూ ఒకేసారి ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం గుర్తుంది.

అలాంటి ఇంట్లోంచి వచ్చి, ఇక్కడ టీవీ పెడితే సాకర్ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. దొరికిన మొదటి ముక్క మాత్రం బంగారం. ఆ జూలై 10న రోజ్ బౌల్‌లో మహిళల ప్రపంచకప్ ఫైనల్, అమెరికా, చైనా. స్టేడియంలో 90,185 మంది. పెనాల్టీల దాకా వెళ్లింది. గోల్‌కీపర్ బ్రియానా స్కరీ ఒకటి ఆపింది, బ్రాండీ చాస్టెయిన్ చివరిది కొట్టి చొక్కా విప్పి మోకాళ్ల మీద కూలబడింది. మా క్రికెట్ భక్తులు కూడా లేచి నిలబడ్డారు. ఆహా, ఈ దేశంలో ఇలా చూపిస్తారన్నమాట అనుకున్నాను. ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

తర్వాత చూసింది మేజర్ లీగ్ సాకర్. డల్లాస్ బర్న్ అని మా ఊరి జట్టు, కాటన్ బౌల్‌లో ఆడేది. టీవీలో గడియారం చూసి బిత్తరపోయాను. 45 నుంచి సున్నాకు వెనక్కి నడుస్తోంది! స్కోరు సమమైతే డ్రా లేదు. ఆటగాడు 35 గజాల దూరం నుంచి బంతితో ఒక్కడే పరిగెత్తుకొచ్చి అయిదు సెకన్లలో గోల్‌కీపర్‌ని దాటాలి. అమెరికా వాళ్లకు డ్రా అంటే అరగదని పెట్టిన వంటకం అది. నా అదృష్టం, నేను దిగిన ఏడాదే దానికి ఆఖరి ఏడాది. 2000లో రెండూ తీసేశారు. కామెంటరీలో మాత్రం ఆ వెనక్కి నడిచే గడియారం ఇంకా చాలా ఏళ్లు తిరుగుతూనే ఉంది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ప్రతి మ్యాచ్‌లోనూ చెప్పేవారు. కార్నర్ కిక్ అంటే ఏమిటో చెప్పేవారు. రీప్లే వేస్తూ అసలు ఆటను వదిలేసేవారు, తిరిగి వచ్చేసరికి బంతి అవతలి కొసన ఉండేది. ఛానెల్ మార్చబోతున్న వాడిని బతిమాలి కూచోబెట్టడానికే పుట్టిన కామెంటరీ అది. మార్చకుండా కూచున్న మేం ఎవరికీ గుర్తు రాలేదు.

అయినా ఇంతకుముందుకంటే నయమేనట. 1990లో అయితే ఇక్కడి ఇంగ్లీషు ప్రసారంలో ఆట నడుస్తుండగానే ప్రకటనలకు వెళ్లేవారని ఆఫీసులో ఒక పెద్దమనిషి చెప్పాడు. 1994లో ప్రపంచకప్ ఈ దేశంలోనే జరిగినప్పుడు ఏబీసీ, ఈఎస్‌పీఎన్ వాళ్లు ప్రకటనల విరామాలు మానేసి, గడియారం పక్కన కంపెనీ గుర్తు పెట్టి సరిపెట్టారు. చిన్న సంగతిలా కనబడుతుంది కానీ, నాలుగు నిమిషాలకోసారి ఆగే ఆటల మీద బతికే టీవీకి 45 నిమిషాలు ఆగని ఆటను అలాగే వదిలెయ్యడం పెద్ద ఒప్పుదలే.

గోడ అవతలి మనిషితో పరిచయం ఆ తర్వాతే. మెక్సికోలోని గ్వాదలహారా నుంచి వచ్చిన పెద్దాయన, ఇళ్లకు పైకప్పులు వేసే పని. వాళ్ల ఊరి జట్టు చీవాస్ ఎర్ర తెలుపు చారల చొక్కా ఆదివారం యూనిఫారం. ఓరోజు మెట్ల మీద కలిసి "ఫుట్‌బోల్?" అన్నాడు. తలూపాను. అంతే, ఆ వారం నుంచి నా ఆదివారాలు వాళ్లింట్లో. నాకు స్పానిష్ రాదు, ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నన్ను "ఇంహెనియెరో" అని పిలిచేవాడు, అంటే ఇంజినీరు గారూ అని. నేను అమిగో అనేవాణ్ని. కుందేలు చెవుల ఏంటెనాకు రేకు చుట్టి, స్పానిష్‌లో వచ్చే యూనివిజన్, 23వ ఛానెల్ పెట్టేవాడు. కేబుల్ బిల్లు లేదు, ఏమీ లేదు.

ఆ కామెంటరీ నాకు అర్థం కాకపోవడమే మేలయిందేమో. మాటలు పోయాక గొంతు మిగిలింది. బంతి మైదానం మధ్యలో తిరుగుతుంటే హరికథలో వచనంలా నెమ్మదిగా, రెక్కల వైపు మళ్లితే అడుగు వేగం, పెనాల్టీ బాక్సు దగ్గర పడితే గజ్జెలు. కళ్లు మూసుకున్నా బంతి ఎక్కడుందో తెలిసేది. వంటింట్లో ఉన్న ఆయన భార్య పరిగెత్తుకొచ్చేదీ ఆ గొంతు మారినప్పుడే. కొన్ని మాటలు పట్టుబడ్డాయి. పోర్తెరో అంటే గోల్‌కీపర్. గోలాసో అంటే అద్భుతమైన గోల్. ఆఫ్‌సైడ్‌ని "ఫ్వేరా దె లుగార్" అంటారు, ఉండవలసిన చోట లేనివాడు అని. తర్వాత వీసా స్టాంపింగ్ కోసం లైన్లో నిలబడ్డప్పుడల్లా ఆ మాటే మనసులో మెదిలేది.

2002 వచ్చేసరికి నేను బెంచ్ మీద ఉన్నాను. సాకర్ బెంచ్ కాదు, మన కన్సల్టెన్సీ బెంచ్. డాట్‌కామ్ కంపెనీలు కూలిపోయి, ప్రాజెక్టుల్లేక, ఫోన్ ఇంటర్వ్యూల కోసం ఎదురుచూస్తూ. కొరియా, జపాన్‌లలో ప్రపంచకప్, మాకు అర్ధరాత్రి, తెల్లవారుజాము. ఉద్యోగం లేనివాడికి దేవుడిచ్చిన వేళలు. జూన్ 5న తెల్లారి నాలుగింటికి అమెరికా పోర్చుగల్ మీద 3-2తో గెలిచింది. ఇంగ్లీషు ఛానెల్లో మనవాళ్లు, మనవాళ్లు అంటూ జెండా ఊపుతూ చెప్పారు. గెలుపు వాళ్లది కాబట్టి నాకు తప్పనిపించలేదు.

అసలు రాత్రి జూన్ 17. అమెరికా, మెక్సికో. మా టైము రాత్రి ఒకటిన్నర. పెద్దాయన ఇంట్లో పన్నెండుమంది, పిల్లలు సోఫాల మీద నిద్ర, పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. నాకు కూడా ఒక మెక్సికో జెండా ఇచ్చారు. ఎనిమిదో నిమిషంలో అమెరికాకు బ్రయాన్ మెక్‌బ్రైడ్ గోల్ కొట్టాడు. 65వ నిమిషంలో లాండన్ డోనోవాన్ తలతో రెండోది. అప్పుడు పెద్దాయన ఏమీ అనకుండా రిమోట్ తీసుకుని వాల్యూమ్ తగ్గించడం మొదలుపెట్టాడు. గీత తర్వాత గీత తగ్గి, సున్నా అయింది. చివరి ఇరవై అయిదు నిమిషాలు బొమ్మలే చూశాం. మెక్సికో ఆటగాడు మార్కెస్‌కి ఎర్రకార్డు చూపించినప్పుడు కూడా ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆ గొంతు ఆగిపోవడం నేను చూసింది అదొక్కసారే. వెళ్లబోతుంటే జెండా వెనక్కి ఇవ్వబోయాను. ఉంచుకో అన్నట్టు చేయి ఊపాడు.

నాలుగు రోజుల తర్వాత క్వార్టర్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు ఫ్రింగ్స్ గోల్ గీత దగ్గర చేత్తో ఆపిన బంతికి అమెరికాకు పెనాల్టీ రాలేదు, 1-0తో ఇంటికొచ్చింది. అది నేనొక్కడినే చూశాను. ఆ వేసవి చివర ఒహాయోలో పని దొరికి, రెండేళ్లు అటు పోయాను. తిరిగొచ్చేసరికి ఆ వాటాలో వేరేవాళ్లున్నారు.

ఆ తర్వాత కాలం సాకర్ పిచ్చివాళ్లకు గూఢచారుల జీవితం. ఫాక్స్ సాకర్ ఛానెల్ కావాలంటే అందుకోసం ప్యాకేజీ పెంచుకోవాలి. కొన్ని ఇంగ్లండ్ మ్యాచ్‌లు సెటాంటా అనే ఛానెల్ ఉన్న బార్లలోనే దొరికేవి, తలుపు దగ్గరే డబ్బు కట్టి లోపలికెళ్లాలి. పొద్దున ఆరున్నరకు బార్‌లో కాఫీ తాగే శాకాహారి తెలుగువాణ్ని చూసి అక్కడి లివర్‌పూల్ అభిమానులు జాలిపడేవారు. ఆ రోజుల్లో నన్ను కాపాడింది గోల్‌టీవీ. అక్కడ రే హడ్సన్ అనే మహానుభావుడు, ఒకప్పుడు న్యూకాసిల్‌కి ఆడినవాడు. మెస్సీ కాలికి బంతి తగిలితే చాలు, ఈయనకు పూనకం. ఉపమానాలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో ఆయనకే తెలియదు. పక్కన ఫిల్ షోన్ ఓపిగ్గా స్కోరు, సమయం, పాస్ ఇచ్చిన వాడి పేరు చెబుతూ నేలమీదికి లాగేవాడు. అచ్చం బుర్రకథలో కథకుడూ వంతా. ఎక్కువ మాట్లాడే కామెంటేటర్ నాకు పడడు అంటూనే ఈయన్ని ప్రేమించానంటే కారణం ఒకటే. ఆయన మాటలన్నీ కళ్లెదుట ఉన్న బంతి గురించే.

ఈ తేడా నాకు స్పష్టంగా చెప్పినవాడు మా నాన్న. 2006లో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చారు. అప్పటికి పెళ్లయి, పాప పుట్టి, ప్లేనోలో ఇల్లు కొనుక్కున్నాను. జర్మనీ ప్రపంచకప్ అంతా నాన్న, నేను కలిసి చూశాం. ఆ ఏడాది ఇంగ్లీషు ఛానెల్ వాళ్లు ముఖ్యమైన మ్యాచ్‌లకు బేస్‌బాల్ నుంచి ఒక వ్యాఖ్యాతను తెచ్చిపెట్టారు. మంచి గొంతు, బాగా చదువుకొచ్చాడు. ఆ చదివిందంతా మనకు అప్పజెప్పాడు. ఫలానా ఆటగాడి నాన్న ఏం చేసేవాడు, ఈ ఊళ్లో ఏ యుద్ధం జరిగింది. బంతి మాత్రం తన దారిన తాను పోయేది. నాన్న రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోరోజు అన్నాడు:

"బంతి మనకు గూడ కనబడ్తున్నది గదరా. గింతగనం మాట్లాడుడు ఎందుకు? వానికి తెలుసని మనకు చెప్పుడా?"

తర్వాత ఆలోచిస్తే అది ఆ మనిషి తప్పు కూడా కాదనిపించింది. బేస్‌బాల్‌లో ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య బోలెడు ఖాళీ. అక్కడ కథ చెప్పడమే కామెంటరీ, తరాలుగా దానికే అలవాటు పడ్డారు, అందులో గొప్పవాళ్లూ ఉన్నారు. సాకర్‌లో ఆ ఖాళీ లేదు. ఆ కథే తెచ్చి ఇక్కడ చెబితే ఆట మీద దుప్పటి కప్పినట్టే. పైగా ప్రపంచకప్ బొమ్మ అన్ని దేశాలకూ ఒకటే, 2002 నుంచి హెచ్‌బీఎస్ అనే సంస్థ తీసి అందరికీ పంపుతోంది. ముషీరాబాద్‌లో మా బాబాయి చూసే బొమ్మే మేమూ చూస్తున్నాం. ఏ దేశం వాళ్లు కలిపేదైనా గొంతు, స్టూడియో, ప్రకటనలు. ఉన్న ఒక్క పని అది.

ఫైనల్ రోజు నాన్న తనే 23వ ఛానెల్‌కి మార్చించాడు. ఆయనకు స్పానిష్ నాకంటే రాదు. 110వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ వెనక్కి తిరిగి ఇటలీ ఆటగాడు మాతెరాజ్జీ ఛాతీలో తలతో గుద్దాడు. బంతి ఎక్కడో ఉంది కాబట్టి ముందు మాకేమీ కనబడలేదు, రీప్లేలో చూశాం. కామెంటేటర్ ఒక్క క్షణం ఏమీ అనలేకపోయాడు. నాన్న కూడా. తర్వాత "రహీం సాబ్ ఉంటే చెంప పగలగొడుతుండె" అన్నాడు, ఏదో జిదాన్ ముషీరాబాద్ కుర్రాడైనట్టు.

వెళ్లిపోయే ముందు ఒకసారి ఫ్రిస్కోలో కొత్తగా కట్టిన స్టేడియానికి తీసుకెళ్లాను. మా బర్న్ అప్పటికి ఎఫ్‌సీ డల్లాస్ అయింది. జూలై ఎండ, సీట్లు పెనంలా కాలుతున్నాయి. ఆట అంతంతమాత్రం. నాన్న మాత్రం టోపీ సర్దుకుని హాయిగా కూచున్నాడు. "ఇది నయం. ఎవడూ మాట్లాడ్తలేడు."

2010లో మొత్తం మారింది. దక్షిణాఫ్రికా ప్రపంచకప్‌కు ఈఎస్‌పీఎన్ బ్రిటన్ నుంచి గొంతులు తెచ్చింది. మార్టిన్ టైలర్, ఇయాన్ డార్క్, డెరెక్ రే, ఏడ్రియన్ హీలీ. జూన్ 23న ప్రిటోరియాలో అమెరికా, అల్జీరియా. మాకు పొద్దున తొమ్మిదింటికి, అంటే ఆఫీసులో స్టేటస్ మీటింగ్ వేళకి. మేనేజరే ప్రొజెక్టర్ పెట్టించాడు. వూవుజెలా బూరల రొద తేనెతుట్టె కదిలినట్టు. గోల్ లేదు, 90 నిమిషాలు అయిపోయాయి, అమెరికా ఇంటికే. టిమ్ హోవర్డ్ బంతి విసిరాడు. డోనోవాన్, ఆల్టిడోర్, మా టెక్సస్ కుర్రాడు డెంప్సీ, కీపర్‌కి తగిలి వెనక్కి, మళ్లీ డోనోవాన్. ఒకప్పుడు బాక్సింగ్ మ్యాచ్‌లు చెప్పిన మనిషి డార్క్. దెబ్బ ఎప్పుడు పడుతుందో పసిగట్టినట్టు సరిగ్గా అప్పుడే గొంతు లేపాడు, ఆ తర్వాత జనాన్ని విననిచ్చాడు. గోల్ అయ్యాక మా టెస్టింగ్ లీడ్ నా వైపు తిరిగి, ఇందాక రద్దు చేసిన గోల్ ఎందుకు రద్దయింది అని అడిగింది. నేను మార్కర్ తీసుకుని బోర్డు మీద ఆఫ్‌సైడ్ గీసి చూపించాను. పదేళ్లు తిట్టుకున్న పనే చేశాను, అదీ ఉత్సాహంగా.

ఇంగ్లీషు యాస ఉంటే సాకర్ తెలిసినట్టే అని ఇక్కడ ఒక భ్రమ ఉంది, నాకూ ఉండేది. అది కొంత మా పాప వదిలించింది. 2011లో మహిళల ప్రపంచకప్, డ్రెస్డెన్‌లో బ్రెజిల్‌తో అమెరికా. 122వ నిమిషంలో రపీనో కొట్టిన క్రాస్‌కి అబీ వాంబాక్ తలకాయ. డార్క్ గొంతు గుర్తుంది నాకు. ఏడేళ్ల మా పాపకు గుర్తున్నది పక్కనున్న జూలీ ఫౌడీ. ఆ జట్టుకే ఆడిన అమ్మాయి, కాలిఫోర్నియా యాస. ఆమె చెబుతుంటే పాప తన రిక్ లీగ్, అంటే పిల్లలు సరదాకి ఆడే లీగ్, బూట్లు తెచ్చుకుని వేసుకుని కూచుంది.

2013లో ఎన్‌బీసీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ప్రసారాలు తీసుకున్నాక ఇక ఫిర్యాదు చెయ్యడానికేమీ మిగల్లేదు. అన్ని మ్యాచ్‌లూ లైవ్. రెబెకా లో, ఇద్దరు రాబీలు స్టూడియోలో కూచుని, చూసేవాడికి ఆట తెలుసన్న నమ్మకంతో మాట్లాడారు. శనివారం పొద్దున పెసరట్లు, ప్రీమియర్ లీగ్. ఆ ఏళ్ల గురించి చెప్పడానికి కథలేమీ లేవు, సుఖంగా గడిచాయి.

2018లో అమెరికా ప్రపంచకప్‌కు క్వాలిఫై కాలేదు. హక్కులున్న ఇంగ్లీషు ఛానెల్ చాలా మ్యాచ్‌లకు కామెంటేటర్లను రష్యా పంపకుండా లాస్ ఏంజిలిస్‌లో తెర ముందు కూచోబెట్టింది. నేను చూసే చతురస్రమే వాళ్లూ చూస్తున్నారు. తెర అంచు అవతల ఎవడు పరిగెత్తుతున్నాడో వాళ్లకూ తెలియదు. నాన్న ఉండి ఉంటే ఏమనేవాడో ఊహించుకుని నవ్వుకున్నాను. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు.

2022 డిసెంబర్ 18. పాప కాలేజీ నుంచి సెలవులకొచ్చింది. పొద్దున తొమ్మిదింటికి ప్రపంచకప్ ఫైనల్, అర్జెంటీనా, ఫ్రాన్స్. ఇంగ్లీషులో పెట్టింది, నేను 39కి మార్చాను, స్పానిష్ ఛానెల్ టెలిముండో. అక్కడ ఆంద్రేస్ కాంతోర్. ఎన్నో ఏళ్ల కిందట యూనివిజన్‌లో ఆ పొడుగాటి గోల్‌ని ఈ దేశానికి నేర్పిన గొంతు. అర్జెంటీనాలో పుట్టినవాడు. 3-3, పెనాల్టీలు. అర్జెంటీనాకు మోంతియెల్ ఆఖరిది కొట్టాడు. కాంతోర్ గొంతు పగిలిపోయింది. ఏదో అంటున్నాడు, మళ్లీ మళ్లీ అంటున్నాడు.

మా పాప స్కూల్లో నాలుగేళ్లు స్పానిష్ చదివింది. "ఏమంటున్నాడే?" అన్నాను.

"అర్జెంటీనా ప్రపంచ ఛాంపియన్ అంటున్నాడు నాన్నా."

"ఇంకా?"

"అదే. మళ్లీ అదే." కాసేపు విని, "ఏడుస్తున్నాడు" అంది.

లోపల మా ఆవిడ అత్తగారితో ఫోన్లో మాట్లాడుతోంది. పాప రిమోట్ తీసుకుని వాల్యూమ్ తగ్గించబోయింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను.